వైన్స్‌లో దొరకని వైన్

తెలుగువాళ్లలో వైన్ తెలియనివాళ్లు ఉండొచ్చు గానీ 'వైన్స్' తెలియనివాళ్లు ఉండరు. ఇనుప జాలీ వెనక నిలబడి బీరు, బ్రాందీ, విస్కీ అందించే కొట్టుకు మనం పెట్టుకున్న పేరది. అక్కడికెళ్లి నిజంగానే వైన్ అడిగితే కొట్టు కుర్రాడు మనల్ని ఎగాదిగా చూసి, పై అరలోంచి దుమ్ము పట్టిన తియ్యటి పోర్ట్ సీసా ఒకటి దింపి "కేకులోకా సార్?" అంటాడు.

సూరత్‌లోని ఉధ్నాలో ఆ బోర్డు కూడా కనిపించదు. 1960 మే 1న పుట్టిన నాటి నుంచీ మద్యనిషేధం కింద ఉన్న రాష్ట్రం గుజరాత్. అయినా స్పెయిన్ ఎర్ర వైన్ గురించి, దానికి ఏ కూర నప్పుతుంది, ఏది నప్పదు అన్న సంగతి గురించి నేను ఇన్ని గంటలు మాట్లాడింది ఆ ఊళ్లోనే. మాట్లాడింది ఏ పెద్ద హోటల్ మేనేజరుతోనో కాదు, ఒక సాంచెల ఆసామితో.

ఉధ్నా సూరత్ స్టేషన్‌కు దక్షిణాన ఉన్న జంక్షన్. జలగావ్ వైపు వెళ్లే తపతి లైను ఇక్కడే చీలుతుంది. పట్టాలు దాటితే మరమగ్గాల షెడ్లు. పక్కవాడి మాట వినబడాలంటే చెవిలో అరవాల్సిందే. ఈ చుట్టుపక్కల, లింబాయత్‌లో, పర్వత్ పాటియాలో, డిండోలీలో వేల తెలుగు కుటుంబాలున్నాయి. ఎక్కువ మంది పద్మశాలీలు. సొంతూళ్లలో చేమగ్గం ఆగిపోయాక ఒకరి వెంట ఒకరు బండెక్కి వచ్చినవాళ్లు. నగరపాలక సంస్థ వీళ్ల పిల్లల కోసం తెలుగు మాధ్యమం బడులు కూడా పెట్టింది. ఆదివారం పొద్దున మటన్ కొట్టు ముందు నిలబడితే వరంగల్ యాస, కరీంనగర్ యాస, నల్లగొండ యాస వేరువేరుగా వినబడతాయి.

నేను వెళ్లింది మరమగ్గాల కూలి రేట్ల గురించి రాయడానికి. ఆ ఆసామి చిన్నప్పుడు తల్లి వెంట పాత వరంగల్ జిల్లా నుంచి వచ్చి, కండెలు చుట్టడంతో మొదలుపెట్టి, కారీగర్ అయి, ఇప్పుడు ఒక షెడ్డు నడుపుతున్నాడు. కూలి రేట్ల సంగతి అరగంటలో తేల్చేసి, మధ్యాహ్నం భోజనానికి కూర్చోబెట్టాడు. జొన్నరొట్టె, ఎముకల మటన్ కూర, పచ్చి ఉల్లిపాయ. రెండో ముద్దకే నా కళ్లలో నీళ్లు. ఆయన నవ్వి, "తమ్మీ, ఈ కూరకు జోడు నేను బార్సిలోనాల చూసిన" అన్నాడు.

జౌళి యంత్రాల ప్రపంచ ప్రదర్శన ఇట్మా నాలుగేళ్లకోసారి యూరప్‌లో ఏదో ఒక నగరంలో జరుగుతుంది. 2011లోనూ, 2019 జూన్‌లోనూ బార్సిలోనాలో జరిగింది. రెండోసారి సూరత్ నుంచి వెళ్లిన ఒక బృందంలో ఈయనా ఉన్నాడు.

"మెషిన్లు కొనే తాకత్ నాకు లేదు. చూసొస్తే చాలనుకొని పోయిన. ఆఖరు రోజు ఒక ఏజెంటు దావత్ ఇచ్చిండు. గొర్రెపిల్ల మాంసం ఎముకతోని నిప్పుల మీద కాల్చి పెట్టిండ్రు. ఉప్పు తప్ప ఏం లేదు. పక్కన వైన్ పోసిండ్రు. ఎరుపు గాదది, నేరేడుపండు నలుపు. మొదటి గుటకకు నోరంతా కరక్కాయ కొరికినట్టు గుంజుకపోయింది. ఇదేం తాగుడురా అనుకున్న. మాంసం నమిలి మళ్లా తాగితే వగరు లేదు. అదే గిలాస, అదే వైన్, ఎటు పోయింది వగరు?"

కరక్కాయ అన్న ఆ మాట నన్ను కట్టిపడేసింది. వైన్ మీద పుస్తకాలు రాసేవాళ్లు ఈ వగరును వర్ణించడానికి నానా తంటాలు పడతారు. నేతపని వాళ్లకు అది చేతికి తెలిసిన సంగతి. కలంకారీ బట్టను అద్దకానికి ముందు కరక్కాయ నీళ్లలో ముంచేది ఆ వగరు కోసమే. ఆ పదార్థాన్ని టానిన్ అంటారు. తోలు ఊనడానికి వాడేదీ అదే, ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి దిగేదీ అదే. టానిన్‌కు ప్రోటీన్ అంటే ప్రీతి. నోట్లో లాలాజలంలో ఉన్న ప్రోటీన్‌ను పట్టేసుకుంటుంది, అందుకే నోరు ఎండినట్టు, బిగిసినట్టు ఉంటుంది. మాంసంతో కలిపి తాగితే ఆ పట్టు కొంత మాంసం మీదికి మళ్లుతుంది, కొవ్వు నాలుకను తడిపి ఉంచుతుంది, పైన చల్లిన ఉప్పు చేదును అణుస్తుంది. వగరు ఎటుపోయిందన్న ఆయన ప్రశ్నకు జవాబు ఇంతే. దిట్టమైన ఎర్ర వైన్‌కు కొవ్వున్న మాంసం జోడు అనే మాట ఏదో దొరల షోకు కాదు.

ఆయన తాగింది ఏ సీసానో ఆయనకు గుర్తు లేదు గానీ, రంగు, వగరు, ఊరు చెప్పిన దాన్ని బట్టి ప్రియొరాత్ అయి ఉండాలి. బార్సిలోనాకు నైరుతిగా, తార్రగోనా జిల్లా కొండల్లో ఉన్న చిన్న ప్రాంతమది. పలక రాళ్ల నేల. మట్టి తక్కువ, వాలు ఎక్కువ, వాన అంతంత మాత్రం. గర్నాచా, కరిన్యేనా అనే ద్రాక్ష రకాల ముసలి తీగలు ఆ రాళ్ల సందుల్లోకి వేళ్లు దించి ఏడాదికి నాలుగు గుత్తులిస్తాయి. కాయ తక్కువ, సారం ఎక్కువ. మద్యం శాతం 14, 15 దాకా పోతుంది. పన్నెండో శతాబ్దంలో సన్యాసులు మఠం కట్టి వైన్ చేయడం మొదలుపెట్టిన ఊళ్లవి. 1980ల నాటికి కుర్రాళ్లంతా పట్నాల్లో పనికి పోయి, తోటలు ముసలివాళ్ల చేతుల్లో మిగిలాయి. ఆ దశాబ్దం చివర్లో రెనె బార్బియే, అల్వారో పలాసియోస్ తదితరులు వచ్చి ఆ ముసలి తీగలతోనే కొత్త వైన్ చేశారు. ఇప్పుడు స్పెయిన్‌లో అత్యున్నత వైన్ హోదా ఉన్నవి రెండే ప్రాంతాలు. ఒకటి రియోహా, రెండోది ఇది. సన్యాసుల సంగతి వదిలేస్తే, కుర్రాళ్లు పట్నం పోవడం దాకా అది ఆసామి సొంతూరి కథే. "మా దిక్కు ముసలి మగ్గాల కోసం ఎవలూ రాలే" అన్నాడాయన.

స్పెయిన్‌లో దిట్టమైన ఎర్ర వైన్ ఇదొక్కటే కాదు. జమోరా దగ్గరి తోరోలో టెంప్రానియో రకం ముదురు రంగు తిరుగుతుంది. మూర్సియా వైపు హుమియాలో మొనాస్త్రెల్ అనే ద్రాక్ష ఎండకు మాడి, తొక్క దళసరెక్కి, నల్లటి వైన్ ఇస్తుంది. ప్రియొరాత్ ధనవంతుల బల్ల మీదికి చేరింది గానీ హుమియా ఇంకా కష్టజీవుల వైన్‌లాగే ఉంటుంది, ధరలోనూ తీరులోనూ. అక్కడి పల్లెల్లో కుందేలు మాంసం పులుసులో పులవని పిండి రొట్టెను తుంపి వేసి ఉడికిస్తారు. దాన్ని గస్పాచో అంటారు. మనకు హోటళ్లలో తెలిసిన చల్లటి టొమాటో గస్పాచో కాదిది, పేరొక్కటే. పులుసులో నానిన రొట్టె ముక్క, పక్కన నల్లటి వైన్. ఉధ్నాలో ఆ మధ్యాహ్నం నా కంచంలో ఉన్నదానికీ దానికీ ఎంత దూరం? నేను అప్పుడు పెద్ద దూరం లేదనుకున్నాను. ఆ దూరం ఎంతో తర్వాత తెలిసింది.

మేమిలా మాట్లాడుతుంటే గడప దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న ఆయన తల్లి తలెత్తకుండానే, "ఏం తాగుడు ముచ్చట కొడుకా, అన్నం కాడ?" అంది. డెబ్భై దాటిన మనిషి. భర్తను సారా తినేసింది. ప్రభుత్వమే ప్యాకెట్లలో సారా అమ్మించిన 1980ల మాట అది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఉద్యమం లేపింది 1992లో, సారా నిషేధం వచ్చింది 1993 అక్టోబర్‌లో, ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం 1995 జనవరిలో, చంద్రబాబు దాన్ని ఎత్తేసింది 1997లో. ఈమె ఆ తేదీల కోసం ఆగలేదు. పిల్లల్ని తీసుకుని నిషేధం ఉన్న ఊరికి తానే వచ్చేసింది.

"ఇక్కడ కూడా దొరుకుతుంది కదమ్మా" అన్నాను.

"దొరకదని ఎవలన్నరు బిడ్డా. కండ్ల ముంగట దొరకదు. సంజెకు పనిడిసి వచ్చేటోనికి తొవ్వల దుకాణం లేకుంటే, సగం పైసలు ఇల్లు చేరుతయ్. నాకు ఆ సగం చాలు."

రాజనీతిశాస్త్రం చదువుకున్న రోజుల్లో నిషేధం మీద ఒక పెద్ద వ్యాసమే రాశాను. అది ఎందుకు విఫలమవుతుందో లెక్కలేసి చూపించాను. అందులో ఈ సగం లెక్క లేదు. అలాగని గుజరాత్ నిషేధం బాగుందనీ అనలేను. 2009లో అహ్మదాబాద్‌లో కల్తీసారా తాగి 130 మందికి పైగా చనిపోయారు. 2022 జులైలో బోటాద్ వైపు 40 మందికి పైగా పోయారు. అందరూ కూలినాలి జనమే. 2017 సవరణతో తయారీకి, అమ్మకానికి, రవాణాకు పదేళ్ల వరకు జైలు పెట్టినా బోటాద్ ఆగలేదు. మరోవైపు 2023 డిసెంబర్‌లో గాంధీనగర్ పక్కన గిఫ్ట్ సిటీలోని హోటళ్లలో, క్లబ్బుల్లో అక్కడి ఉద్యోగులకు, అతిథులకు మద్యం అనుమతించారు. ఈ చట్టంలో ఇంకో చిత్రం ఉంది. బయటి రాష్ట్రం మనిషిని గనక పర్మిట్ తీసుకుని నేను సూరత్‌లో తాగొచ్చు. నన్ను భోజనానికి పిలిచిన ఆసామి, ఆరోగ్య కారణాలు చూపిస్తే తప్ప, నా పక్కన కూర్చుని గుక్కెడు పుచ్చుకోకూడదు.

నిజానికి సూరత్‌కు ఎర్ర వైన్ కొత్తది కాదు. 1615లో ఇంగ్లండ్ రాజు దూతగా థామస్ రో దిగింది ఇక్కడికి దగ్గర్లోని సువాలీ రేవులోనే. అజ్మీర్‌లో ఉన్న జహంగీర్‌కు సూరత్ అధికారి కొంత ఎర్ర వైన్ పంపించాడట. చక్రవర్తికీ యువరాజుకూ అది ఎంత నచ్చిందంటే, ఇంకా కావాలని రోను వేధించారు. నగలూ నాణ్యాల కంటే నాలుగైదు పెట్టెల ఎర్ర వైన్ పంపిస్తేనే ఇక్కడ పని జరుగుతుందని రో తన కంపెనీకి రాసుకున్నాడు. ఓడ దిగిన పెట్టె సూరత్ దాటి అజ్మీర్ దాకా వెళ్లిన కాలం అది. ఇప్పుడు అదే పెట్టె మహారాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతుంది.

మా సంగతీ ఆ సరిహద్దు దగ్గరే తేలింది. గత మే నెలలో ఆసామి భార్య తరఫు వాళ్లింట్లో పెళ్లి. వాళ్లుండేది భివండీలో. ముంబయి పక్కనున్న ఆ మరమగ్గాల ఊళ్లోనూ తెలుగు పద్మశాలీలు తరాలుగా ఉన్నారు. "మహారాష్ట్రల అడ్డు లేదు, నువ్వు గూడ రా తమ్మీ, నీ సీసా నువ్వు తెచ్చుకో" అన్నాడు. పెళ్లి అయిన మూడోనాడు వెళ్లాను. దారిలో ఠాణేలో ఒక దుకాణంలో హుమియా మొనాస్త్రెల్ సీసా కొన్నాను. రెండు వేల పైచిలుకు. స్పెయిన్‌లో అందులో నాలుగో వంతు కూడా ఉండదు. 2021 బడ్జెట్‌లో పేర్లు మార్చి కస్టమ్స్ 50, వ్యవసాయ సెస్సు 100 అని విడగొట్టినా, వైన్ మీద దిగుమతి సుంకం మొత్తం 150 శాతమే. పైన రాష్ట్రం పన్నులు. సీసాతోపాటు ఒకరోజు తాగడానికి పర్మిట్ చీటీ కూడా ఇస్తారు. తమాషా ఏమిటంటే గుజరాత్‌ను పొడిగా ఉంచిందీ, మహారాష్ట్రలో ఈ చీటీ ఇప్పించేదీ ఒకే పాత చట్టం, 1949 నాటి బొంబాయి నిషేధ చట్టం. ఆ చట్టం నీడలోనే మహారాష్ట్ర 2001లో ద్రాక్ష పరిశ్రమ విధానం తెచ్చి నాసిక్‌ను వైన్ ఊరు చేసింది. అక్కడ స్పెయిన్ వారి టెంప్రానియో ద్రాక్ష పండించి వైన్ పోసినవాళ్లూ ఉన్నారు. 2022 జనవరిలో సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మకానికి మంత్రివర్గం సరేనంటే అన్నా హజారే నిరాహార దీక్షకు సిద్ధమయ్యారు.

భివండీ ఇంటి మేడ మీది గది. కింద సాంచెలు ఆడుతుంటే నేల సన్నగా వణుకుతోంది. మేలో అక్కడి ఉక్క గురించి చెప్పనక్కర్లేదు. సీసా మూత తీసి స్టీలు గ్లాసుల్లో పోస్తే, మొదటి గుటకలో మద్యం ఘాటు తప్ప మరేమీ లేదు. ఎర్ర వైన్‌ను గది వేడిమిలో తాగాలని ఎక్కడో చదివి ఉంటాం. ఆ గది యూరప్‌లో చలికాలపు గది, 16 నుంచి 18 డిగ్రీలది. భివండీలో మేడ మీది గది కాదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే మనిషి మారినట్టు మారింది. ఎండిన నేరేడు, కొంచెం పొగ, చివర్లో వగరు. "ఆ, గిదే" అన్నాడు ఆసామి, బార్సిలోనా గుర్తొచ్చి.

ఇక మటన్ కూర వచ్చింది. ఉధ్నాలో తిన్నలాంటిదే, పెళ్లింటి కారంతో. ఒక ముక్క తిని ఒక గుటక వేశాం. ముగ్గురం, అంటే నేనూ, ఆసామీ, ఆయన బావమరిదీ, ఒకేసారి నీళ్ల చెంబు వైపు చెయ్యి చాపాం. నోట్లో నిప్పు మీద పెట్రోలు పోసినట్టుంది. కారపు మంట మీద మద్యం పడితే మంట పెరుగుతుంది. అందులోనూ ఇది 14 శాతం దాటిన వైన్. వగరు ఆ మంటను ఇంకా గరుకు చేస్తుంది. ద్రాక్ష రుచి అడ్రసు లేదు. ఉధ్నాలో నేను లెక్కగట్టని దూరం ఇదన్నమాట. హుమియా పులుసులో రొట్టె ఉంది, మాంసం ఉంది, ఎండుమిరప కూడా ఉండొచ్చు. కానీ మంట లేదు. అమెరికా ఖండం నుంచి మిరపను మోసుకొచ్చింది స్పెయిన్, పోర్చుగల్ ఓడలే. పోర్చుగీసు వాళ్లు దాన్ని మన తీరంలో దింపారు, మనం మంటను పెంచుకున్నాం. స్పెయిన్ వాళ్లు అదే కాయలో రంగునూ తీపినీ పెంచుకున్నారు. లా వేరా ప్రాంతంలో మిరపపళ్లను ఓక్ కట్టెల పొగ మీద ఆరబెట్టి పొడి కొడతారు. పిమెంతోన్ అనే ఆ పొడి చూడ్డానికి మన కారమే. నోట్లో వేసుకుంటే పొగ, తీపి.

ఇంతలో ముసలమ్మ పైకొచ్చింది. మా ఎర్రబడ్డ మొహాలు చూసి, గ్లాసుల వంక చూడనట్టే చూసి, "పట్నం పిలగాడు కారం తినలేడని చెప్పద్దా" అని కొడుకును కసిరి కిందికి దిగింది. గంటలో ఇంకో గిన్నె పంపింది. కాస్త కొవ్వున్న తొడ మాంసం, అల్లం వెల్లుల్లి, ధనియాలు, ఎండుకొబ్బరి, బాగా వేగిన ఎర్రటి వేపుడు. రంగు చూసి భయపడ్డాను. తింటే మంట లేదు. ఆమె ఇంట్లో కారానికి రెండు డబ్బాలుంటాయని అప్పుడు తెలిసింది. ఒకటి మంటకు, ఒకటి రంగుకు. రంగు డబ్బాలోది చపాటా. వరంగల్ వైపు పండే, టొమాటోలా పొట్టిగా లావుగా ఉండే మిరపకాయ. ఘాటు తక్కువ, ఎరుపు గాఢం. పచ్చళ్లకు దాన్నే వాడతారు. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా. పొగ ఒక్కటే లేదు గానీ, మన దగ్గరున్న పిమెంతోన్ అదే.

ఆ వేపుడుతో వైన్ కుదిరింది. మాటవరసకు కాదు, నిజంగా కుదిరింది. కొవ్వు వగరును మింగేసింది, వేగిన కొబ్బరి కమ్మదనం వైన్‌లోని నల్లటి పండు రుచిని పైకి తీసింది. ఆసామి మాట్లాడకుండా మూడు ముక్కలు తిన్నాడు.

ఆ ఊపులో ఇంట్లో ఉన్నవన్నీ తెప్పించి చూశాం. గోంగూర మటన్‌తో వైన్ చప్పబడిపోయింది. కూరలో పులుపు వైన్ పులుపును దాటితే అంతే, ఈ ఎండదేశపు వైన్‌లో పులుపు మొదటే తక్కువ. గుత్తివంకాయ నన్ను ఆశ్చర్యపరిచింది. పల్లీలు, నువ్వులు వేయించి నూరిన ముద్ద ఈ వైన్‌కు చుట్టమే. కాటలోనియా వాళ్లు కాల్చిన ఉల్లికాడలను ముంచుకు తినే రొమెస్కో పచ్చడిలోనూ బాదం, ఎండుమిరపే కదా. చేపల పులుసు జోలికి పోవద్దని ముందే చెప్పాను, బావమరిది వినలేదు. నోరంతా తుప్పు, నీచు. ఎర్ర వైన్‌లోని ఇనుమే ఆ నీచును లేపుతుందని 2009లో జపాన్ పరిశోధకులు తేల్చారు. ఉధ్నా నుంచి తెచ్చిన సూరతీ ఘారీ ముక్క చివర్లో తిన్నాం. తీపి మీద ఈ వైన్ చేదు కషాయం. సూరత్ వాళ్ల తియ్యటి పప్పుకూ, ఉంధియూకూ కూడా ఇది పనికిరాదని దాన్ని బట్టే చెప్పొచ్చు. గుజరాతీ వంటకు ఈ సీసా లేనందువల్ల పోయిందేమీ లేదు.

బావమరిది మాత్రం ఒక మాటన్నాడు. "అన్నా, మొదటి కూర తప్పేం లేదు. దానికి కల్లు పొయ్యాలె." నేను చాలాసేపు ఆ మాటే ఆలోచించాను. మంటగా ఉండే భోజనానికి ఏ వైన్ తాగాలని నిపుణుల్ని అడగండి. మద్యం తక్కువ, వగరు లేనిది, చల్లనిది, రవంత తీపీ పులుపూ నురుగూ ఉన్నది అంటారు. పొద్దున దించిన ఈతకల్లు లక్షణాలన్నీ చెప్పి కల్లు పేరొక్కటే చెప్పరు. గుడాలతో, కార్జం వేపుడుతో, చేపముక్కతో మోదుగాకు దొప్పలో తాగిన కల్లు మన జనానికి ఒకప్పుడు తిండిలో భాగం. కాటలోనియా పల్లెల్లోనూ పొర్రోన్ అనే ముక్కు గాజుకూజా పైకెత్తి, పెదవి తగలకుండా ధార నోట్లో పోసుకుంటూ అన్నంతోపాటు వైన్ తాగుతారు. మన దగ్గర సారా ప్యాకెట్టూ, దాని తర్వాత వైన్స్ కొట్టూ వచ్చి ఆ వరుస తిరగేశాయి. ముందు తాగుడు, దానికి తోడు నంజుకోను ఏదో ఒకటి, ఆఖర్న మిగిలితే అన్నం. తిండికి జోడు వెతకడం పోయి, తాగుడుకు 'మంచింగ్' వెతకడం వచ్చింది. ఏ కూరకు ఏ వైన్ అన్న ప్రశ్న వైన్స్ ముందు నిలబడ్డవాడికి నవ్వు తెప్పించేది అందుకే.

ముసలమ్మ భర్త తాగింది కల్లు కాదు, సారా. ఆమెకు ఆ తేడా తెలియక కాదు, అక్కర్లేదు. ముగ్గురం కలిసి ఒక్క సీసా, అదీ మూడు గంటల్లో, అన్నంతోపాటే తాగామని కొడుకు చెప్పబోతే, "మొదలు గట్లనే ఉంటది" అని కొట్టిపారేసింది. ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఉధ్నాలో ఆయన షెడ్డులో పనిచేసే కారీగర్లలో సంచీ సరుకు తాగేవాళ్లు ఎవరో ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు. వాళ్ల చేతికి రెండు వేల సీసా రాదు, వచ్చేది బోటాద్ సరుకే. ఆ సాయంత్రం ఆ మాట ఎవరం ఎత్తలేదు.

మర్నాడు బయల్దేరుతుంటే ముసలమ్మ ఖాళీ సీసా తెచ్చి కొంగుతో తుడుస్తోంది. దళసరి గాజు, అడుగున లోపలికి లోతు, చేతికి బరువు. మూడుసార్లు సబ్బుతో కడిగిందట. మంచినూనె పోసుకోడానికి బాగుంటుందని ఉధ్నా తీసుకెళ్తానంది.

"వద్దమ్మా, భిలాడ్ కాడ ఆపుతరు" అన్నాడు కొడుకు.

"ఖాళీదే గదరా."

"ఖాళీదైనా వైన్ సీసానే."

ఆమె మూతి దగ్గర వాసన చూసి, ఏమీ రావడం లేదని నాకు కూడా చూపించింది. చివరికి మేనకోడలి చేతిలో పెట్టి కారెక్కింది. భిలాడ్ చెక్‌పోస్టు దగ్గర నిజంగానే ఆపారు. డిక్కీలో కొత్త మామిడికాయ తొక్కు డబ్బా ఉంది, చపాటా కారంతో కలిపింది. పోలీసు మూత తీసి, వాసన చూసి, "ఆంధ్రావాలా" అని నవ్వి పొమ్మన్నాడు.